ఉండలు కట్టిన కప్పు

కప్పు తీసుకెళ్లి, తాగేది సరిచూసే కలశం యంత్రం కంటి ముందు పెట్టింది వకుళ.

"నునుపు సరిపోయింది. పెద్దమ్మగారికి ఇవ్వవచ్చు," అంది గోడలోని కలశం.

పోషపిండిని ముందు చన్నీళ్లతో జారుగా కలుపుకుని, ఆపైన వేడినీళ్లు సన్నధారగా పోయాలి. అప్పుడే ఉండలు కట్టదు. సాగరపురిలో అందరి తిండీ ఈ తాగే పిండే కాబట్టి, ఆడామగా అందరికీ నడకతో పాటు అబ్బే విద్య అది.

పెద్దమ్మ పైడితల్లి రెండు గుక్కలు తాగి కప్పు పక్కన పెట్టేసింది. "సాల్లే అమ్మీ. గొంతు దిగట్నేదు."

"సాయంత్రం కప్పు కూడా మిగిలిస్తే నిన్ను నాళశాలకి పట్టుకెళ్లిపోతారు పెద్దమ్మా! ముక్కులో గొట్టం పెట్టి పోస్తారు."

"పొయ్యనీ. ఆళ్లకీ పనుండాలి గదా."

వకుళకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. తల్లి పోయాక తనను కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి ఆవిడ. నాళశాలకు వెళ్లినవాళ్లెవరూ తిరిగి రావడం వకుళ చూడలేదు.

సాయంత్రం అదే దిగులులో చన్నీళ్ల సంగతి మరిచి, పొడి మీద మరిగే నీళ్లు గుమ్మరించేసింది.

"ఉండలు. మిశ్రమం తిరస్కృతం. పారబోయండి," అంది కలశం.

"అవేటే, పైకి తేల్తున్నాయి?" పెద్దమ్మ వంగి చూసింది. వకుళ వారించేలోగా కప్పు లాక్కుని ఒక గుక్క తాగి, ఆగిపోయింది. ఆవిడ దవడ కదులుతోంది. అది నమలడమని వకుళకు వెంటనే తట్టలేదు.

"పైన తడి, లోన పొడి! పంటికింద సితుకుతోందే. ఇంకోటుందేటి?"

వకుళ ఆగలేక ఒక ఉండను తనూ నోట్లో వేసుకుంది. కొరికితే పలచని పొర పగిలి పొడి నాలుకంతా పరుచుకుంది. రోజూ తాగే పిండిలో ఈ రుచి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుంది?

పెద్దమ్మ కప్పు అడుగు కూడా గీకేసింది.

"కప్పు ఖాళీ అయింది. మిశ్రమం తిరస్కృతం. రెండూ పొసగడం లేదు," అంది కలశం. "జరిగింది పొరపాటా, పద్ధతా?"

పొరపాటంటే ఈ కప్పు లెక్కలోకి రాదు, పెద్దమ్మ నాళశాలకే. పద్ధతంటే ఊళ్లోని ప్రతి కలశమూ దీన్ని నేర్చుకుంటుంది. రేపు ఎవరి గొంతులో ఉండ అడ్డుపడినా ఆ పాపం వకుళదే. వకుళ తల తిప్పి చూసింది. పెద్దమ్మ పెదవికి అంటిన పొడిని వేలితో తీసుకుని చప్పరిస్తోంది.

"పద్ధతే," అంది వకుళ. "మా ఇంటి పద్ధతి."

"పద్ధతి నమోదైంది," అంది కలశం. ఇంతలో గోడ అవతలి నుంచి పక్కింటి తవిటయ్య గొంతు వినిపించింది.

"వకుళమ్మా! మా కలశం ఉండలు కావాలా అనడుగుతోంది. ఏటి సెప్పమంటావు?"

వకుళ నోరు తెరిచేలోగా పెద్దమ్మే కేకేసింది.

"కావాలని సెప్పు నాయినా! నీకింకా పళ్లున్నాయి కదా?"