పగడం నంబరు

ఇంజనీరు చనిపోయిన పూట ఎండ చక్కగా కాస్తోంది. లాండ్రీలో చొక్కాలు తీసుకుని, దాక్కోవడానికి రహస్య విభాగం ఇచ్చిన అద్దె ఇంటి మెట్లు ఎక్కుతున్నాడతను. కొరియర్ యూనిఫాం వేసుకున్న ఒకడు వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు. అందరికీ చెప్పుకుంటున్న కొత్త పేరు కాదు, కన్నవాళ్లు పెట్టిన పేరు. ఇంజనీరు వెనక్కి తిరిగాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఇస్త్రీ చొక్కాలు మెట్ల మీద పరుచుకున్నాయి. వచ్చినవాడు వాటిని తొక్కకుండా దాటుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా రహస్య విభాగం చీఫ్ తన ఏజెంటును పిలిపించాడు. ఆ ఏజెంటును అందరూ తాపీ అంటారు. ఇల్లు తగలబడుతున్నా బూట్ల లేసులు కట్టుకునే బయటికొస్తాడని ఆఫీసులో జోకు. ఆ రోజు ఎవరూ జోకులు వెయ్యలేదు.

"వాళ్లు కంప్యూటర్లలోకి చొరబడరు," అన్నాడు చీఫ్. "అడుగుతారు. మనవాళ్లు చెప్తారు."

వాళ్లదొక విదేశీ ముఠా. పైకి మాత్రం సర్వేలు చేసే కాల్ సెంటర్. ఒకరి దగ్గర పుట్టినరోజు, ఇంకొకరి దగ్గర పాత అడ్రసు, మరొకరు సరదాగా పెట్టిన ఫోటోలో పిల్లల స్కూలు బోర్డు. ఇలా ముక్కలు ఏరి, అతికించి, పూర్తి మనిషిని తయారుచేసి అమ్ముతారు. కొనేవాళ్లలో జడ్జీలను బెదిరించేవాళ్లున్నారు, అధికారులను లొంగదీసుకునేవాళ్లున్నారు, చంపేవాళ్లున్నారు. అక్కడ పనిచేసిన ఇద్దరు బయటికొచ్చి సాక్ష్యం చెప్తామన్నారు. ఒకడు ఇంజనీరు. రెండోది ఒక ప్రోగ్రామర్. ఆమెను, ఆమె తండ్రిని ఇంకో చోట దాచారు. కాపలాకు ఒక గార్డు ఉన్నాడు. ప్రమాదం వస్తే అతనికి చెప్పాల్సిన కోడ్ ఒక్కటే: వాన పట్టేలా ఉంది, బట్టలు తీసెయ్.

ముఠా లోపల విభాగం మనిషి కూడా ఉంది. ఉంగరంలో పెద్ద పగడం ఉంటుంది కాబట్టి ఆమెను అందరూ పగడం అనేవారు. ఖరీదైన కస్టమర్లను హోటళ్లకు తీసుకెళ్లడం, నవ్వించడం, బేరం కుదర్చడం ఆమె ఉద్యోగం. ఆమె గదిలోకొస్తే మాట్లాడేవాళ్లు మాట మర్చిపోతారు. ముఠా బాసుకు ఆమె కుడిభుజం. ఆ కుడిభుజమే రెండో ఫోను ఒకటి దాచుకుని చీఫ్‌కు కబుర్లు చేరవేసేది. ఆ నంబరు చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ముందు ఇంజనీరు ఇల్లు ఎలా బయటపడిందో తేల్చాలి. తాపీ సాయంత్రం ఇంజనీరు తల్లి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. పొయ్యి మీద గిన్నె మాడిపోయి వాసనొస్తోంది, ఆవిడకు తెలియడం లేదు. తాపీయే వెళ్లి పొయ్యి ఆర్పాడు.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని కొడుకు తనకొక్కదానికే అడ్రసు చెప్పాడని, తను పక్కింటివాళ్లకు కూడా చెప్పలేదని ఆవిడ అంది. పోయిన వారం మాత్రం ఒక అమ్మాయి ఫోన్ చేసిందట. మీ అబ్బాయి ఆర్డర్ చేసిన ఆస్తమా మందు అడ్రసు తప్పుగా ఉండి వెనక్కొచ్చిందని, మందు లేకుండా ఉంటే ప్రమాదం కదా ఆంటీ అని ఎంతో బాధపడిందట. పేరు, పుట్టిన తేదీ, మందు పేరు అన్నీ ఆ పిల్లే కరెక్టుగా చెప్పింది కాబట్టి అనుమానం రాలేదు.

"మందే కదా బాబూ," అంది ఆవిడ. "మందు అందిందా వాడికి?"

తాపీ చాలా అబద్ధాలు చెప్పి బతికినవాడు. అందిందని చెప్పాడు. ఆ ఫోనుకూ జరిగినదానికీ సంబంధం లేదని కూడా చెప్పాడు. ఆవిడ నమ్మిందో లేదో కానీ, అతను గుమ్మం దాటేదాకా చెయ్యి వదల్లేదు.

మూడో రోజు కాల్ సెంటర్‌లో ఏసీ పాడైంది. పగడం పొద్దున్నే దాని వైరు ఒకటి లాగేసింది. మెకానిక్కును పిలిపించిందీ ఆమే. నూనె మరకల చొక్కా, నాలుగు రోజుల గడ్డం, చెవి మీద పెన్సిల్‌తో తాపీ వచ్చాడు. గేటు దగ్గర ఫోన్ తీసుకుని డబ్బాలో పడేశారు. టూల్ బాక్సు మొత్తం వెతికారు, స్క్రూడ్రైవర్ పిడిలో ఉన్న కెమెరా దొరకలేదు. తెరల మీద ఉన్నదంతా ఫోటోలు తీసి బయటికి తేవాలి. అవి అందిన నిమిషంలో దాడికి ఆర్డరిస్తానని చీఫ్ అన్నాడు. పోలీసు వ్యాను వెనక వీధిలో ఉంది.

తాపీ నిచ్చెన ఎక్కి ఇండోర్ యూనిట్ మూత తీశాడు. కింద వరసగా బల్లలు, ప్రతి బల్లకూ ఒక అమ్మాయి, ప్రతి తెర మీదా ఒక మనిషి బతుకు. పెళ్లి ఫోటోలు, మందుల చీటీలు, కుక్క పేరు, రోజూ నడిచే దారి. ఆ అమ్మాయిల్లో చాలామందికి తాము చేసే పని దేనికో తెలియదు. ఎక్కువ వివరాలు రాబట్టినవాళ్లకు బోనస్ అని మాత్రం తెలుసు. బాసు వాళ్ల మధ్య మెల్లగా తిరుగుతున్నాడు. పరాయి దేశంవాడైనా మాట స్వచ్ఛంగా ఉంది. అమ్మాయిలందరి చేతా అంకుల్ అని పిలిపించుకునేవాడు.

నిచ్చెన పక్క బల్ల దగ్గర ఆగాడు అంకుల్. ఆ తెర మీద ప్రోగ్రామర్ ఫోటో ఉంది. అన్ని గళ్లూ నిండాయి, ఇంటి అడ్రసు గడి ఒకటే ఖాళీ. తాపీ స్క్రూడ్రైవర్ అటు తిప్పాడు.

"స్పీకర్‌లో పెట్టు తల్లీ," అన్నాడు అంకుల్.

అవతల ఫోన్ మోగింది. ఎత్తినది ప్రోగ్రామర్ తండ్రి. ఫోన్లన్నీ విభాగానికి అప్పగించామని ఆయన సంతకం పెట్టాడు కానీ, చిన్నప్పటి స్నేహితుల గ్రూపు చూసుకోవడానికి పాత ఫోను ఒకటి దిండు కింద దాచుకున్నాడని తరవాత తెలిసింది. ఆ గ్రూపులోనే ఎవరో పెట్టిన సరదా ప్రశ్నలకు వరసగా జవాబులిచ్చాడు. మొదటి స్కూలు, ఇష్టమైన మాస్టారు, ప్రాణస్నేహితుడు.

"పెదనాన్నా, గుర్తుపట్టారా?" అంది ఆ అమ్మాయి, ఆ ప్రాణస్నేహితుడి కూతుర్నని చెప్పి. "నాన్నకు ఆపరేషన్. లోపలికి వెళ్లేముందు మీకో ఉత్తరం రాశారు. ఎక్కడికి పంపను?"

ముసలాయన కంగారుపడిపోయాడు. వాడికేం కాదమ్మా, నాన్నకు నేను దండం పెట్టుకుంటున్నానని చెప్పు అన్నాడు. అడ్రసు ఎవరికీ ఇవ్వొద్దని మా అమ్మాయి అంది కానీ, మీరు పరాయివాళ్లా అన్నాడు. రాసుకోమన్నాడు. గడియారం వీధి, దర్జీ కొట్టు పైన...

తాపీ మోచెయ్యి ఏసీలోని నీళ్లు పట్టే డ్రెయిన్ ట్రేకు తగిలింది. రోజులుగా నిలిచిన మురికినీళ్లు ఒక్కసారిగా కీబోర్డు మీద, ఫోను మీద, అమ్మాయి ఒళ్లో పడ్డాయి. లైను తెగింది. ఇంటి అడ్రసు గడి ఖాళీగానే ఉండిపోయింది.

పగడం విసవిసా వచ్చి, పని రానివాడివి నిచ్చెనెందుకెక్కావని మెకానిక్కును తిట్టింది. తిట్లు నిజంగానే ఘాటుగా ఉన్నాయి. ఒకరిద్దరు నవ్వారు. అంకుల్ మాత్రం నవ్వలేదు. ఆ వీధిలో దర్జీ కొట్లు ఎన్నుంటాయి అనుకున్నాడో ఏమో, తలుపు దగ్గరున్న ఒకడికి సైగ చేశాడు. కొరియర్ యూనిఫాం వేసుకున్నవాడే. వాడు హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు.

అప్పుడే మూల గదిలోంచి టెక్నీషియన్ వచ్చాడు. బిల్డింగులో తిరిగే ఫోన్లను కనిపెట్టే యంత్రం ఉంది వాళ్ల దగ్గర. లెక్కలో లేని నంబరు ఒకటి కొన్నాళ్లుగా దానికి తగులుతోందని, ఎవరిదో తెలియడం లేదని చెప్పాడు. పేరు తెలుసుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదన్నాడు అంకుల్. ఎవరు ఫోన్ చేస్తున్నారో చూపించే ఉచిత యాప్ ఒకటి తన ఫోనులో తెరిచి, ఆ నంబరు కొట్టాడు. ఆ యాప్ పని సులువు. ఎవరైనా దాన్ని ఎక్కించుకుంటే వాళ్ల ఫోన్లో ఉన్న పేర్లు, నంబర్లన్నీ పట్టుకుపోయి లోకానికంతా చూపిస్తుంది.

అంకుల్ తెర వైపు చాలాసేపు చూశాడు. ఆ తరవాత ఫోనును పగడానికి చూపించాడు. నిచ్చెన మీది నుంచి తాపీకి కూడా కనిపించింది.

పగడం. మన మనిషి.

గదిలో అమ్మాయిలు ఇంకా ఫోన్లలో మాట్లాడుతూనే ఉన్నారు. పగడం ముఖంలో రంగు మారలేదు. తల ఎత్తి, బుద్ధిలేని పనివాణ్ని చూసినట్టే తాపీని చూసింది.

"ముందు వీణ్ని పంపించెయ్యండి," అంది అంకుల్‌తో. "మన ఇంటి గొడవ బయటివాళ్ల ముందెందుకు."

అంకుల్ తల ఊపాడు. తాపీ నిచ్చెన దిగాడు, టూల్ బాక్సు సర్దుకున్నాడు, మెట్లు దిగాడు. పరిగెత్తితే ఇద్దరూ పోయేవాళ్లు. గేటు దగ్గర డబ్బాలోంచి తన ఫోను ఏరి ఇవ్వడానికి కాపలావాడు ఎంతసేపు తీసుకున్నాడో తాపీకి జీవితాంతం గుర్తుంటుంది.

ఫోను చేతికొచ్చింది. ముందు ఎవరికి చెయ్యాలి? దాడి మొదలుపెట్టిస్తే పగడం బతకొచ్చు. కానీ బైకు మీదవాడు గడియారం వీధికి దగ్గరైపోతుంటాడు, అక్కడ ఒక్క గార్డు, ఒక ఆడమనిషి, ఒక ముసలాయన. పగడాన్ని అడిగితే ఏం చెప్పేదో తాపీకి తెలుసు. గార్డుకు చేశాడు.

"వాన పట్టేలా ఉంది. బట్టలు తీసెయ్."

గార్డు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాడు. ముసలాయన కళ్లజోడు లేకుండా రానంటున్నాడన్నాడు గార్డు. ఎత్తుకెళ్లు అన్నాడు తాపీ. అది పెట్టేశాక ఫోటోలు పంపి చీఫ్‌కు చేశాడు.

కొరియర్ వేషంలో ఉన్నవాడు గడియారం వీధిలో రెండో దర్జీ కొట్టు పైకెక్కి తలుపు తట్టేసరికి, ప్రోగ్రామర్, తండ్రి వెనక మెట్లలో ఉన్నారు. ముసలాయన నోటిని కూతురే చేత్తో మూసిందట. తలుపు తీసినవాడు గార్డు. వచ్చినవాడు జేబులోంచి చెయ్యి తీసేలోగా గార్డు కాల్చాడు.

ఇటు పోలీసులు తలుపులు పగలగొట్టారు. సర్వర్లు చెరపడానికి మీట మీద వేలు పెట్టిన అంకుల్‌ను ఆ వేలితో సహా పట్టుకున్నారు. ముఠా అయిపోయింది. పగడం మూల గదిలో కుర్చీలో ఉంది. తల వాలిపోయి, జుట్టు ముఖం మీద పడి, నిద్రపోతున్నట్టుంది. తాపీ ఆ జుట్టు సరిచేసి, కోటు విప్పి కప్పాడు. నేల మీద ఆమె పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు.

సాయంత్రం చీఫ్ గదిలోకెళ్లి, మీ ఫోను ఒకసారి ఇవ్వండి అన్నాడు. చీఫ్ ఇచ్చాడు. ఆ యాప్ మొదటి వరసలోనే ఉంది. మోసగాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి, జాగ్రత్తగా ఉండాలి తాతయ్యా అని మనవరాలు ఎక్కించిందట. అది ఏదేదో అనుమతి అడిగితే అన్నింటికీ సరే నొక్కాడట.

"పేరు లేకుండా నంబరు గుర్తుండదు నాకు," అన్నాడు చీఫ్. తాపీ ఫోను బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఆయనను ఏమీ అనలేదు, ఓదార్చనూ లేదు.

ప్రోగ్రామర్ సాక్ష్యం చెప్పింది. పగడం మరణం నమోదు చేయించడానికి మునిసిపల్ ఆఫీసుకు తాపీయే వెళ్లాడు. గుమాస్తా అసలు పేరు అడిగాడు. తెలియదు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, సొంత ఊరు? విభాగం ఫైల్లో లేవు, ఆమె గదంతా వెతికినా దొరకలేదు, ముఠా సర్వర్లలో ఊరందరి వివరాలూ ఉన్నాయి కానీ ఆమెవి లేవు. ఈ రోజుల్లో ఒక్క వివరమూ బయటపడకుండా ఇంత జాగ్రత్తగా బతికిన మనిషి ఎలా దొరికిపోయిందండీ అని గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

"ఆవిడ వైపు పొరపాటేం లేదండీ," అన్నాడు తాపీ. "ఆవిడ నంబరు మా దగ్గరుండేది."