పట్టు రంగు పడ్డ తల

గద్వాలలో రంగుల మల్లయ్య ఇంటి వెనుక దండెం మీద ఆ గురువారం పొద్దున రంగు అద్దిన ఏడు పట్టు చిలపలు, పోగుల చుట్టలు, ఆరుతున్నాయి. ఏడూ ఎర్రవే. వాటి పక్కనే, దండేనికి గడ్డం ఆనించుకొని, ఎనిమిదోది ఒకటి ఆరుతూ ఉంది. చీర అంచులకు పట్టు తీసుకుపోవడానికి వచ్చిన నేత ఇంటి పిల్ల జమ్ములమ్మ దాన్ని కూడా లెక్కపెట్టుకొని చెయ్యి చాచింది.

"ఏయ్, అది నా తల," అంది ఎనిమిదోది.

జమ్ములమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ కళ్లు తీసుకోలేదు. అది మల్లయ్య కొడుకు కురుమూర్తి తలే. నిన్నటి దాకా నలుగురి తలల్లాగే నల్లగా ఉండేది. ఇవాళ పండు మిరపకాయలా ఉంది.

"ఏమైంది? ఎవరన్న కొట్టిండ్రా?"

"రంగేసుకున్న."

"ఇంట్ల నూలు అయిపోయిందా?"

కురుమూర్తి నవ్వాడు. తిడితే నవ్వే అలవాటు అతనికి మూడేళ్ల నుంచి ఉంది. అప్పుడే బస్టాండు దగ్గరి వీడియో హాలులో ఏదో దేశపు ప్రేమకథ చూశాడు. అందులో గుర్రం మీద వచ్చినవాడు వేసుకున్నవన్నీ దర్జీకి నోటితో చెప్పి కుట్టించుకున్నాడు. చొక్కాకు మెడ దగ్గరా మణికట్ల దగ్గరా మూడేసి వరసల కుచ్చులు, దాని మీద మఖ్మల్ కోటు, మెడలో రంగురంగుల నూలు గుడ్డ ముక్కలు అతికిన స్కార్ఫ్. గుర్రం ఒక్కటే దొరకలేదు. దాని బదులు సైకిలు ఉంది.

"ఆ అంగీ కుట్టినంక మీ కిటికీలకు పరదాలు మిగిలినయా?" అంది జమ్ములమ్మ.

"ఒకటి మిగిలింది. నీకు కావాల్నా?"

అంతలో గుండిగ కలిపే కట్టె పట్టుకొని మల్లయ్య వచ్చాడు. దాన్ని రంగు కలపడానికి తెచ్చాడో కొడుకును కొట్టడానికి తెచ్చాడో ఆయనకే తెలియనట్టుంది.

"చూసినవా బిడ్డా, నా కొడుకు పనితనం. నల్ల దాని మీద ఏ రంగు ఎక్కదని మొదలు తెల్లజేసే మందు పెట్టిండు. గంతవరకు తెలివి ఉన్నది. ఆ మీద పట్టు గుండిగల తల ముంచిండు."

"రెండు నీళ్లకు పోతదనుకున్న నాయనా."

"ఎట్ల పోతదిరా? పట్టు పురుగు కడుపులకెల్లి వస్తది, వెంట్రుక మన తోలులకెల్లి వస్తది. రెంటికి పాణమున్నది. పాణమున్నదాన్ని పట్టు రంగు పట్టుకుంటే ఇడిసిపెట్టదు. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు, దేని రంగు దానికేనని ఇన్నేండ్లకు తెల్వదా నీకు?"

"తల అంచులకు వస్తదని నాకేం తెలుసు," అని గొణిగాడు కురుమూర్తి.

తల్లి వెంకటమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "గుండు కొట్టిచ్చి పారెయ్యి. ఆదివారం పిల్లను చూడనీకి గోపాల్‌పేటకు గిట్లనే తీసుకపోతవా?"

"నేను బతికుండంగ నా కొడుకుకు గుండా? నన్ను ఇప్పుడే పంపుతవా ఏంది?"

"మొక్కు అని చెప్దాం. వీని పేరు పెట్టిన కురుమూర్తి సామికి తలనీలాలు మొక్కినం అంటే అయిపాయె."

మల్లయ్య ఆలోచనలో పడ్డాడు. "తలనీలాలు అన్నరు గదనే. నీలాలు ఉండాలె. ఇవి ఎరుపులు. సామి తీసుకుంటడంటవా?"

కొండ మీది స్వామి ఏడాది పొడుగునా ఎన్ని రంగుల పట్టు కట్టుకుంటాడో వాళ్లకు తెలుసు. అందులో కొంత వాళ్లు అద్దిందే. భక్తుడి తల మాత్రం ఒకే రంగులో ఉండాలని ఆయన ఎప్పుడు చెప్పాడో ఎవరూ అడగలేదు.

"దుకాణంల నల్లపొడి దొరుకుతది గద మామా," అంది జమ్ములమ్మ, సాయం చేస్తున్నట్టు.

"పెండ్లికొడుకు నెత్తికి నలుపేసుకున్నడని తెలిస్తే, వయసు దాచిండంటరు బిడ్డా."

పెండ్లికొడుకు అన్న మాట అప్పుడు గానీ జమ్ములమ్మ చెవికి ఎక్కలేదు. ఏడు చిలపలు భుజాన వేసుకొని ఇల్లు చేరింది. ఎర్ర తల కథ తల్లి సుగుణమ్మకు చెప్పి కడుపుబ్బ నవ్వించింది. తర్వాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, తండ్రి ఈశ్వరయ్య పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అంచు ఒంట్లకు ఎక్కుతున్నది. కండ్లు ఏడ ఉన్నయి బిడ్డా?"

ఆమె మగ్గం ఎక్కిన పదేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

సోమవారం మధ్యాహ్నం వాన పడింది. కురుమూర్తి కొత్త చిలపలను ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టి, తాను మాత్రం తడుస్తూ వచ్చాడు. స్కార్ఫ్ రంగు దిగి తెల్ల కుచ్చుల నిండా ఊదా, పసుపు చారలు పడ్డాయి. తల మాత్రం చుక్క రంగు విడవలేదు. సుగుణమ్మ వెనుక అరుగు మీద కండెలు చుడుతోంది. ఈశ్వరయ్య బజారుకు పోయాడు.

"ఎంత దూరం తరిమిండ్రు?" అంది జమ్ములమ్మ, మగ్గం మీంచి తల ఎత్తకుండా.

"తరమలే. వాళ్లకు నచ్చిన."

ఆమె చేతిలో అటూ ఇటూ పోగు లాగుతున్న నాడె ఆగింది.

"వనపర్తిల బస్సు మారినప్పటిసంది జనం నన్నే చూసుడు," అన్నాడు కురుమూర్తి గడపలో కూర్చుంటూ. "గోపాల్‌పేటల పిల్ల నాయిన నర్సింహులు నా తల దిక్కు చూసి చూసి, 'పట్నంల గిట్లనే నడుస్తున్నదా' అన్నడు. మా నాయన పరేషాన్ల ఉండి అవునన్నడు. ఇగ అయిపాయె. అల్లుడు పట్నం ఫ్యాషనోడు, మనమే ఎనకబడ్డమని వాళ్ల మనుషులందరికి ఆయనే చెప్పుకుంటుండు."

"పిల్ల?"

"కమల. పది సదివింది. ఈ రంగు ఏ దుకాణంల దొరుకుతదని అడిగింది. నన్ను అడిగింది అదొక్కటే."

జమ్ములమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు గానీ అంచులో ఒక పోగు తెగింది.

"మాట ఖాయం జేయనీకి శుక్రవారం పూలు పండ్లు తెస్తరంట. ఇప్పుడు నేనేం జేయాలె జమ్ములు?"

"తినాలె. పండ్లు తెస్తే ఏం జేస్తరు?"

"వాళ్లు ఒద్దనాలెననే నేను రంగేసుకున్నది. రెండు నీళ్లకు పోతదని నాయనతోని అన్నది ఉత్త మాట."

"ఎందుకు ఒద్దనాలె?"

"నీకు తెల్వదా?"

"నాకు అంచు నేసుడు తెలుసు. ఇంకేం తెల్వదు."

కురుమూర్తి తడి కుచ్చులు పిండుకున్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు. "మామూలు అంగీ ఏసుకొని వస్తే, చిలపలు తీసుకొని లోపలికి పోతవు. సోకు జేసుకొని వస్తే నిలబడి తిడ్తవు. నువ్వు తిట్టేంతసేపు నేను ఈడ నిలబడొచ్చు. మూడేండ్లసంది నా సోకంత గదే."

జమ్ములమ్మ తెగిన పోగును ముడేయబోయి, చేతిలోనే పట్టుకుంది. కానీ ఆమె నోటికి తెలిసిన పని ఒకటే. అది ఆ పనే చేసింది.

"అయితే నేను తిట్టుడు బంద్ చేస్తే నువ్వు మనిషివైతవన్నట్టు."

ఎప్పటిలాగే నవ్వుతాడని చూసింది. అతను నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "అట్లనే కానీ," అని వానలోకి పోయాడు.

మంగళవారం సుగుణమ్మ పిలిస్తే చిలపలు ఇవ్వడానికి ఎవరో వచ్చారు. తెల్ల చొక్కా, తలకు తెల్ల తువాలు. జమ్ములమ్మ రెండోసారి చూస్తే గానీ అది కురుమూర్తి అని తెలియలేదు. చిలపలు అరుగు మీద పెట్టి, తల వంచుకొని పోయాడు.

"ఇప్పుడు జర మనిషి లెక్క ఉన్నడు," అంది సుగుణమ్మ. వీధిలో పెద్దలు కూడా బుద్ధొచ్చిందన్నారు. బుద్ధి రావడమంటే పక్కవాడిలా కనబడడమేనని వాళ్లకు గట్టి నమ్మకం.

జమ్ములమ్మ అరుగు మీదే నిలబడింది. ఒక్క తిట్టూ తోచలేదు. తిట్టడానికి ఏమీ మిగల్చకుండా పోయాడు. మిగలకుండా చేసింది తనే. శుక్రవారం పూలు పండ్లు వస్తే, ఈ తెల్ల చొక్కాతోనే గోపాల్‌పేట పిల్ల పక్కన కూర్చుంటాడు, ఇక జన్మంతా అదే చొక్కాలో తిరుగుతాడు.

చెప్పేయొచ్చు. ఎవరికి? ఎట్లా? ఆమె నోటి దురుసును మెచ్చి నవ్వే వీధే అది. కానీ అదే నోటితో ఫలానా పిల్లవాడు కావాలని అడిగితే, ఆ వీధిలో నవ్వేవాళ్లు ఒక్కరూ ఉండరు.

బుధవారం పన్నెండు గంటలకు మల్లయ్యా వెంకటమ్మా, శుక్రవారం పని సవ్యంగా జరగాలని అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడానికి పోయారు. వాళ్లు తిరిగి రాకముందే కురుమూర్తి సైకిలు దిగి తమ ఇంటి వెనుక, రంగులు వేసే కొట్టంలోకి వచ్చాడు. జమ్ములమ్మ పీట మీద కూర్చొని ఉంది. వీపు వెనుక, పొయ్యి మీంచి దించి చల్లార్చిన చిలకపచ్చ గుండిగ ఉంది.

"ఏం జేస్తున్నవు?"

"కూసున్న."

"జడ ఏది?"

"ఎనక ఉంటది జడ. ఇంకేడ ఉంటది?"

అతను వెనక్కి వచ్చి చూశాడు. సగం జడ గుండిగలో ఉంది. పక్కన తెల్లజేసే మందు సీసా మూత తీసి ఉంది. అంటే ఇప్పుడు వచ్చింది కాదు, చాలాసేపటి పని.

"తీయి. జమ్ములు, తీయి దాన్ని. అది పోదు. మా నాయన చెప్పంగ విన్నవు గద."

"విన్న. అందుకే పెట్టిన."

కురుమూర్తి తలకు చుట్టిన తువాలు తీసి, దాంతోనే ముఖం తుడుచుకొని, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె పక్కకు చూసింది.

"గట్ల కూసోకు. రంగు సరిగ్గ ఎక్కిందా లేదా చూడు. రంగోనివి గద."

"ఇంకో పది నిమిషాలు ఉంచాలె," అన్నాడు అతను చాలా మెల్లగా.

పచ్చ జడతో ఆమె నడిబజారు గుండా ఇంటికి నడిచింది. అబ్బాయి తల ఎర్రబడితే గద్వాల నాలుగు రోజులు నవ్వుకుంది. అమ్మాయి జడ పచ్చబడితే ఎవరూ నవ్వలేదు, ఎవరింటి పిల్ల అని అడిగారు. అమ్మవారికి శుక్రవారానికో రంగు చీర కట్టి కళ్లకద్దుకునే చేతులే, ఆమె పేరు పెట్టుకున్న పిల్ల జడకేసి వేలు చూపించాయి.

సుగుణమ్మ నెత్తి కొట్టుకొని కత్తెర తెచ్చింది. ఈశ్వరయ్య దాన్ని గుంజుకున్నాడు.

"పెండ్లి కావాల్సిన పిల్ల జడ కత్తిరిస్తవా? ఇంట్ల ఏమన్న అయిందా?"

"మరి ఈ జడతోని దీన్ని ఎవడు చేసుకుంటడు?"

"చేసుకునేటోడు ఒకడున్నడు," అంది జమ్ములమ్మ గోడకు చెబుతున్నట్టు. "వానికి గిదే రోగం."

ఈశ్వరయ్య చాలాసేపు జడనే చూశాడు. జీవితమంతా రంగులు చూసిన మనిషి. రంగు సమంగా ఎక్కిందని మనసులో అనుకోకుండా ఉండలేకపోయాడు. "నడువు," అని లేచాడు.

మల్లయ్య అప్పుడే గుడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"బావా, ఒక్క మాట. రంగోని కాడ సరుకు ఖరాబైతే, ఆ సరుకు ఎవరిది?"

నలభై ఏళ్లుగా ఇచ్చిన జవాబే కనుక మల్లయ్య ఆలోచించలేదు. "రంగోనిదే. ఇంట్ల పెట్టుకోవాలె. మారు మాట లేదు."

"అయితే పెట్టుకో," అన్నాడు ఈశ్వరయ్య, వెనుక నిలబడ్డ కూతురిని ముందుకు నడిపించి.

మల్లయ్య ఆ జడను చూశాడు, గడపలో నిలబడ్డ ఎర్ర తలను చూశాడు. ఏదో అనబోయి వెంకటమ్మ వైపు తిరిగాడు. వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

గోపాల్‌పేట మాట మాత్రం నవ్వులో పోయేది కాదు. మల్లయ్య గురువారం మొదటి బస్సుకే పోయి, నర్సింహులు చేతులు పట్టుకొని తప్పు ఒప్పుకున్నాడు. నర్సింహులు అనరాని మాటలన్నాడు. ఇంటి ఆడపిల్ల కోసం పూలు చెప్పి పెట్టుకున్నవాడు, ఆయన అనవచ్చు. కమల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెను మొదటి నుంచీ ఎవరూ అడగలేదు.

శుక్రవారం రెండిళ్లవాళ్లూ అమ్మవారి గుడికి పోయారు. పెద్దలు లోపల పూజారితో ముహూర్తాలు మాట్లాడుతున్నారు. బయట మెట్ల దగ్గర వీళ్లిద్దరు. దర్శనానికి వచ్చినవాళ్లు అమ్మవారిని ఒకసారి చూసి వీళ్లను రెండుసార్లు చూస్తున్నారు.

కురుమూర్తి అదే తెల్ల చొక్కాలో ఉన్నాడు.

"ఆ కుచ్చుల అంగీ ఏది?" అంది జమ్ములమ్మ.

"పెట్టెల ఉన్నది. మనిషిని కమ్మన్నవు గద."

ఆమె జడ ముందుకు వేసుకొని, పచ్చ కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది. ఎంత వెతికినా నోట్లోకి ఎత్తిపొడుపు ఒక్కటీ రాలేదు.

"ఆ మాట తప్పన్న," అంది.

అతను అర్థం కానట్టు చూశాడు.

"ఇంటికి పో. అది ఏసుకొని రా. నువ్వొచ్చేదాంక నేను ఈడనే ఉంట."