ఐసు గదిలో బావ

బోటులో ఐసు గది మూత తీస్తే పట్టపగలు కూడా చీకటే. సందువాలు, వంజరాలు పొరలు పొరలుగా ఐసులో ఉంటాయి. తొంభై ఎనిమిదిలో, ఆ చేపల మధ్యే మా బావ కోటిని పడుకోబెట్టాను.

వల లాగే వించి తాడు తెగి అతని గుండెల మీద కొట్టింది. కేక కూడా వెయ్యకుండానే పోయాడు. విశాఖ రేవు ఇంకా ఒకటిన్నర రోజు ప్రయాణం. శవాన్ని గంగమ్మకి వదిలేద్దామన్నాడు డ్రైవరు జగ్గయ్య మావ. ఆయన కాళ్ళ మీద పడ్డాను.

"మా నాన్న శవం దొరకలేదు మావా. మాయమ్మ ఇయ్యాల్టికీ బొట్టు తియ్యలేదు, రేవు కాడే కూకుంటాది. మాయక్క బతుకూ అలగే సేత్తావేటి?"

"సరే. సేపల్లో కలపకు, ఓ మూలనెట్టు."

వినలేదు. నడుమనే చల్లదనం ఎక్కువని నాకు తెలుసు. చచ్చిన ఒంట్లోని రసాలే దాని కండని కరిగించేస్తాయనీ, ఐసే ఆ పనిని ఆపుతుందనీ ట్రైనింగులో చేపల ఆఫీసరు చెప్పాడు. మా వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలిసిందే.

మర్నాడు రేవు పక్కనున్న యారాడ కొండ కనిపించాక మూత తీశాను. కుళ్ళు కంపు లేదు. ఉడుకుతున్న పులుసు వాసన... ఐసు మాత్రం కరగలేదు. బావ చుట్టూ ఉన్న చేపల్లో కండ లేదు. తోలూ ముళ్ళూ, అడుగున చిక్కటి గంజిలాంటి నీళ్ళు. ఐసులో చేప ఒక్క రోజుకే అలా అయిపోదు.

ఎప్పుడూ లోతుకుపోయి ఉండే బావ బుగ్గలు ఇప్పుడు నిండుగా ఉన్నాయి.

"వదిలెయ్‌రా," మావ వెనక్కి జరిగాడు. "ఆడు తింటన్నాడు."

"రేవొచ్చేసింది మావా... మాయక్కకి ఒక్కసారి మొకం సూపింతాను..."

నాకూ భయమే. కానీ అమ్మ నుదుటి బొట్టు కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

టార్పాలిన్‌లో మోసి జెట్టీ మీదకి దించాం. ఒంటిని ఎవరమూ ముట్టుకోలేదు. ముందెళ్ళిన బోటు వాళ్ళు కబురు చెప్పినట్టున్నారు, అక్క సూర్యకళ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకే అక్కా!"

అప్పటికే అతని గుండెల మీద పడిపోయింది. గొల్లుమంది. అంతలోనే ఏడుపు ఆగిపోయింది.

"ఒరే కన్నబాబూ... మీ బావ ఒళ్ళు ఎచ్చగుందిరా."

రెండు చేతులూ పట్టుకుని లాగాను. రాలేదు. బలమంతా పెట్టి లాగాను. రాలేదు...

అక్క చేతులు రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి. ఆమె వీపు మీద ఇంకో చెయ్యి ఉంది.