నాదే మేడం

"రోజా! ఒక్క బాక్సు సదరనీకి ఎంతసేపు? పిల్లకు బస్సు పోతది. ఇంట్ల పడుండేటోళ్లకు టైం విలువ ఏం ఎరుక!"

శంకరవ్వ హాల్లో దీవాను మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటూ కేకేసింది. ఉదయం ఏడున్నర. కరీంనగర్ కోతిరాంపూర్‌లోని ఆ ఇంట్లో రోజూ ఆ వేళకు వినిపించే మాటే అది. కోడలు రోజారాణి వంటింట్లోంచి వచ్చి, బాక్సూ నీళ్ల సీసా నర్మద చేతికిచ్చి, వెనక్కి వెళ్లిపోయింది. నర్మద చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ చెప్పులేసుకుంది.

"సూడు, మా అన్న బిడ్డను సూడు. అడివి నడుమ ఊరికెల్లి వచ్చి పట్నంల టీచరైంది. నువ్వు గూడ సదివినవ్, ఏం ఫాయిదా? గిన్నెలు తోమనీకి సదువెందుకు?" శంకరవ్వ గొంతు వీధి మలుపు దాకా నర్మద వెంట వచ్చింది.

నర్మద శంకరవ్వకు మేనకోడలు. ఆమె తండ్రి రామచంద్రం ఆదిలాబాద్ దగ్గర ఇచ్చోడలో బట్టలు కుడతాడు. జూన్‌లో కరీంనగర్ ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి సైన్సు చెప్పే ఉద్యోగం దొరికినప్పుడు, "హాస్టల్ ఎందుకే, మేనత్త సచ్చిందా?" అని శంకరవ్వే ఇంటికి రప్పించుకుంది.

మొదటి వారమంతా నర్మద ఏడుస్తూనే ఉంది. ఏ ఆటో ఎటు పోతుందో తెలియదు. క్లాసులో నలభై ఆరుగురు. ఇంగ్లీషులో కాస్త తడబడితే వెనక బెంచీల్లోంచి నవ్వులు. "మూడు నెలలు చూస్తాం. క్లాసు పట్టుకోలేకపోతే పంపించేస్తాం" అని ప్రిన్సిపాల్ మేడం ముందే చెప్పేసింది.

ఆ వారం పెరట్లో బట్టలు ఆరేస్తున్న రోజారాణి, చాటుగా కళ్లు తుడుచుకుంటున్న నర్మదను చూసింది.

"ఏ పాఠం చెప్తున్నవ్?"

"జీర్ణవ్యవస్థ, అక్కా. ఒక్కడు వినడు."

"ఉత్తగ నోటితోని చెప్తే ఎవరు వింటరు? జర ఆగు."

ఆ మధ్యాహ్నం అత్త నిద్రపోయాక రోజారాణి పెద్ద డ్రాయింగు కాగితం పరుచుకుని కూర్చుంది. ఆమెది మంచిర్యాల, స్టేషను పక్కనే ఇల్లు. అందుకే అన్నం ముద్దను రైలెక్కించింది. నోరు మంచిర్యాల స్టేషను, కడుపు కాజీపేట జంక్షను, పేగులు మలుపులు మలుపులుగా పట్టాలు. ముద్దకు కళ్లు పెట్టి, మీసం కూడా పెట్టింది.

మర్నాడు నలభై ఆరుగురూ కిక్కురుమనలేదు. ఆ పైన ఒకేసారి చేతులెత్తారు. వెనక కూర్చుని చూస్తున్న ప్రిన్సిపాల్ లేచి వచ్చింది.

"చాలా బాగుంది. ఎవరి ఆలోచన ఇది?"

నర్మద ఒక్క క్షణం తటపటాయించింది. "నాదే మేడం" అంది.

అలా, దానితో కలిపి పద్నాలుగు చార్టులు స్కూలుకు వెళ్లాయి. పాఠం ఎలా మొదలుపెట్టాలో, ఏ ప్రశ్న ముందు అడగాలో కూడా రోజారాణే చెప్పేది. ఆమె మంచిర్యాలలో డీఎడ్ చదివింది. సంబంధం కుదిరేటప్పుడు, "నౌకరి చేసుకుంటే మాకేం అభ్యంతరం?" అన్నవాళ్లే, పెళ్లయిన నెలకు, "మా ఇంటి కోడండ్లు గడప దాటరు" అన్నారు. భర్త భానుప్రసాద్‌కు టవర్ సర్కిల్ దగ్గర బట్టల దుకాణం. తల్లి మాటే అతని మాట. సాయంత్రం నర్మద ఇంటికి రాగానే రోజారాణి అడిగేది ఒక్కటే, "పిల్లలేమన్నరు?" ఆకలిగొన్న మనిషి అన్నం అడిగినట్టు అడిగేది.

నర్మదకు పట్నం అలవాటైంది. బస్సుల నంబర్లు వచ్చేశాయి. స్టాఫ్‌రూంలో పేరొచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా అలవాటైంది. తాగిన గ్లాసు తాగినచోటే వదిలేయడం. విడిచిన బట్టలు బాత్‌రూంలోనే ఉంచేయడం. "నిన్నే కోడల్ని చేసుకునేది ఉండె. జాతకం అడ్డమొచ్చి, గీ మొద్దు తగులుకున్నది" అని శంకరవ్వ అన్నప్పుడు, మొదట్లో నర్మద తల దించుకునేది. ఒకరోజు నవ్వింది. పక్కనే పప్పు వడ్డిస్తున్న రోజారాణి చేయి ఆగింది. మళ్లీ వడ్డించింది.

ఆగస్టులో స్కూల్లో యూకేజీ టీచరు మానేసింది. ఆ మాట చెవిన పడగానే రోజారాణి ఒక కవరు తెచ్చి నర్మద చేతిలో పెట్టింది. అందులో దరఖాస్తూ సర్టిఫికెట్ల జిరాక్సులూ ఉన్నాయి.

"మీ మేడంకు ఇయ్యవా నర్మదా? వాళ్లు రమ్మంటే చాలు. మీ బావను నేను ఒప్పించుకుంట."

"ఇస్త అక్కా. ఫికర్ చెయ్యకు."

ఆ కవరు ఇరవై రోజులు నర్మద బ్యాగులోనే ఉంది. రోజారాణి స్కూలుకొచ్చి ఒక్క బొమ్మ గీసిందంటే చాలు, పద్నాలుగు చార్టులూ ఎవరివో అందరికీ తెలిసిపోతుంది. అడిగినప్పుడల్లా, "ఇచ్చిన అక్కా, చూస్తమన్నరు" అని చెప్పింది.

శనివారం పొద్దున హాల్లో చార్జింగు పెట్టిన రోజారాణి ఫోను మోగింది. దుకాణానికి బయల్దేరుతున్న భానుప్రసాద్ తీశాడు. అవతల స్కూలు క్లర్కు.

"రోజారాణి గారి నంబరేనా? మొన్న ఫోన్ చేసి అడిగారు కదా, వెతికి చూశాం, మీ దరఖాస్తు మాకు రాలేదండి. ఇవాళ నాలుగింటికి ఆఖరు. వచ్చి ఇవ్వగలరా?"

భానుప్రసాద్ ఫోను పెట్టేసి వంటింటి వైపు చూశాడు. "రోజా, గిటు రా."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవర్నడిగి నౌకరికి దరఖాస్తు పెట్టినవ్?"

"వాళ్లింక రమ్మనలే. రమ్మన్నంక నిన్నడుగుదామనే..."

"దొంగతనంగ ఫోన్లా?" శంకరవ్వ లేచి వచ్చింది. "ఇంట్ల నాకు మోకాళ్ల నొప్పులు, ఈమెకు బయట షికార్లా? గిది నీకు ఎవరు నేర్పిండ్రే?"

రోజారాణి నర్మద వైపు తిరిగింది. ఆమె కళ్లలో కోపం లేదు, ఆశే ఉంది.

"నర్మదా, నువ్వు జెప్పు. దొంగతనం కాదని జెప్పు. ఇరవై రోజుల కిందనే నీకు కాయితాలు ఇచ్చిన గదా?"

అందరూ నర్మదనే చూస్తున్నారు. ఇచ్చిందని ఒప్పుకుంటే మేనత్త ఇంట్లో ఉండనివ్వదు. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని రోజారాణి అడుగుతుంది. సంగతి అక్కడినుంచి స్కూలు దాకా పోతుంది.

"నాకేం తెల్వదత్తమ్మా. అక్క నాకేం ఇయ్యలే" అంది. ఎవరూ అడగకపోయినా ఇంకో మాట కూడా అంది. "అయినా అక్కా, టీచరంటే మాటలనుకున్నవా? పిల్లల్ని పట్టుకోవాలె. అందరితోని కాదు."

రోజారాణి నోరు కొద్దిగా తెరుచుకుంది.

భానుప్రసాద్ లోపలికి వెళ్లి బీరువా తీశాడు. ప్లాస్టిక్ ఫైలుతో బయటికి వచ్చి, ఒక్కొక్క కాగితమే తీసి చింపాడు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డీఎడ్ సర్టిఫికెట్. తొందరపడలేదు. దుకాణంలో గుడ్డ చింపినంత నెమ్మదిగా చింపాడు.

"ఇగ పరేషాన్ లేదు" అన్నాడు.

"ఊడ్చి ఎత్తు. తొవ్వల పడ్డయి" అంది శంకరవ్వ.

రోజారాణి ఏడవలేదు. కింద కూర్చుని ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుంది. వంటింట్లోకి వెళ్లి బాక్సుతో తిరిగొచ్చి, రోజూలాగే నర్మద చేతికిచ్చింది.

"పో, బస్సు పోతది."

స్కూల్లో పదకొండు గంటలకు టీచర్ల సమావేశం జరిగింది. ప్రిన్సిపాల్ నర్మదను లేపి నిలబెట్టింది.

"నర్మదను పర్మనెంటు చేస్తున్నాం. మన స్కూల్లో ఇంత బాగా చార్టులు చేసేవాళ్లు లేరు. మిగతావాళ్లకు కూడా నేర్పాలి. నర్మదా, మొక్క భాగాలు పిల్లలకు కథలా ఎలా చూపిస్తావో బోర్డు మీద ఒకసారి గీయి."

నర్మద సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడింది. నిలువుగా ఒక గీత గీసింది. రెండో గీత ఎటు గీయాలో తెలియలేదు. వెనక ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. తలనొప్పి అని చెప్పవచ్చు. ఆ అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. కానీ నేల మీద కూర్చుని కాగితం ముక్కలు ఏరుతున్న మనిషి కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

"నాకు రాదు మేడం" అంది. "ఆ చార్టులు ఒక్కటి గూడ నావి కావు. మా బావ భార్య రోజారాణి గీసింది. పాఠాలు గూడ ఆమే చెప్పిచ్చింది. యూకేజీ పోస్టు కోసం ఇచ్చిన కాయితాలు నేనే దాచిన." బ్యాగులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది.

ప్రిన్సిపాల్ కవరు విప్పి కాగితాలు చూసింది.

"మూడు నెలలు నా ముందు నిలబడి అబద్ధం చెప్పావు. నీ సంగతి తర్వాత చూస్తాను. నాలుగింటిలోపు ఆమెను తీసుకురా."

నర్మద ఆటోలో ఇంటికి చేరేసరికి భానుప్రసాద్ భోజనానికి వచ్చి ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉన్నదంతా చెప్పింది. కాగితాలు ఇచ్చిన మాట, దాచిన మాట, పద్నాలుగు చార్టుల మాట.

"ఈ మూడు నెలలు నన్ను మెచ్చుకున్నవు గద అత్తమ్మా. వాడకట్టోళ్లందరికి చెప్పుకున్నవు. నువ్వు మెచ్చుకున్నది నన్ను కాదు, నీ కోడల్ని. నేను ఆమె తెలివి పెట్టుకొని, ఆమె మీదనే నవ్విన."

"నోరు ముయ్యి! మీ అయ్యకు ఫోన్ చేస్త. ఇయ్యాల్నే నీ బట్టలు సదురుకో."

"సదురుకుంట అత్తమ్మా. అక్కను తోల్కపోనియ్యి."

రోజారాణి వంటింటి గడపలో నిలబడి అంతా వింది. నర్మద వెళ్లి ఆమె కాళ్ల మీద పడబోతే, ఒక అడుగు వెనక్కి వేసింది.

"కాళ్లు పట్టుకోకు. నీకు పేరు పోతదని భయమైతే నాకు చెప్పేది ఉండె. నేనే కాయితాలు వాపస్ తీసుకునేదాన్ని. గని, నాతోని కాదన్నవు సూడు... పిల్లలేమన్నరని రోజు అడిగితి గదనే నిన్ను."

ఆమె లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. భానుప్రసాద్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"చింపేసిన గదా, ఏం సూపిస్తవ్ వాళ్లకు?"

"నా చేతులు చింపలే గద నువ్వు" అంది రోజారాణి. "పెండ్లి సూపులల్ల నౌకరి చేసుకోమన్నది నువ్వే. జరుగు."

అతను భార్య ముఖంలోకి చూశాడు. పొద్దున తాను చింపినప్పుడు ఏడవని ఆ కళ్లు ఇప్పుడు నిండి ఉన్నాయి. తలుపు మీది చేయి దానంతట అదే దిగిపోయింది. "ఏందిరా, సూస్తున్నవ్?" అని శంకరవ్వ అరిచింది. అతను తల్లి వైపు చూడకుండా పక్కకు జరిగాడు.

మూడున్నరకు ప్రిన్సిపాల్ రోజారాణిని యూకేజీ క్లాసులోకి పంపించి, "పది నిమిషాలు ఏదైనా చెప్పు" అంది. నర్మద బయట వరండాలోనే ఉండిపోయింది. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత సన్నగా ఒక గొంతు. కాసేపటికి ఆ గొంతు పెద్దదైంది. "వాన ఎట్ల పడ్తది? మీరందరు వాన కావాలె, లేవుండ్రి!" ముప్పై జతల కాళ్లు దబదబలాడాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. వాళ్లతోపాటు రోజారాణి కూడా నవ్వుతోంది. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, నర్మద ఆ నవ్వు ఒక్కసారి కూడా వినలేదు. ఆ ఇల్లు ఆ గొంతును ఎంత లోతుకు తొక్కిందో, అందులో తన పాదం కూడా ఎంత బలంగా పడిందో అప్పుడు తెలిసొచ్చింది. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

రోజారాణి సుద్దపొడి అంటిన చేతులతో బయటికి వచ్చింది.

"సోమవారం నుంచి రమ్మన్నరు. చినిగిన సర్టిఫికెట్లకు డూప్లికేట్లు తెప్పించుకోమన్నరు. నీ పని మళ్ల మూడు నెలలు చూస్తరట."

"అక్కా, నన్ను మాఫ్..."

"ఇప్పుడే అడగకు. నాతోని కాదు." కొంగు చివర తీసి నర్మద చేతికి అందించింది. "కండ్లు తుడుచుకో. పిల్లలు సూస్తుండ్రు."