హైదరాబాద్ నుంచి నూరు కిలోమీటర్లు

సోషల్ టీచర్ శైలేందర్‌కు ఊరంటే ఎంత అభిమానమో, చెత్తబుట్టలంటే అంత అయోమయం. తడి చెత్త ఏదో, పొడి చెత్త ఏదో సిద్దిపేటలో రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. వాళ్లకు పాఠం చెప్పే సారుకే తెలియదు.

"సార్, గీ మందులు పొడి చెత్తల ఎందుకేసిన్రు?" గేటు దగ్గర నిలబడి అడిగింది భవాని. ఇంటింటికీ తిరిగి చెత్త వేరు చేయించడం ఆ వార్డులో ఆమె ఉద్యోగం. "మందులకు వేరే సంచి అని పోయిన వారమే చెప్పిన. బడిల పిల్లలు గిట్లనే మర్చిపోతే ఊకుంటరా మీరు?"

"అవి మా అవ్వవి," అన్నాడు శైలేందర్. "పోయి ఏడాదైంది. ఇయ్యాల్నే తీసిన."

భవాని సంచి తనే తెచ్చి, ఒక్కో మాత్రల పట్టీ అందులో వేసి, మూతి ముడేసింది.

ఆ రోజు నుంచి అతనికి శనివారాల మీద ప్రేమ పుట్టింది. ఆ వీధిలో పొడి చెత్త తీసుకునేది శనివారమే. చెత్త ఇవ్వడానికి ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి జిల్లా మొత్తం మీద అతనొక్కడే అయి ఉంటాడు.

అప్పుడే బడి పిల్లల కోసం ఊరి చరిత్ర రాస్తున్నాడు. నచ్చని కాగితాలు నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేవాడు.

"సార్, మన ఊరికి సొంత అడ్రస్ లేదా?" ఒక శనివారం ఆ ముక్కలు జతచేసి చదువుతూ అడిగింది భవాని.

"మీరు అవి చదువుతున్రా?"

"చెత్త చూసుడే నా డ్యూటీ. ఇనుండ్రి. 'సిద్దిపేట హైదరాబాద్ నుంచి నూరు కిలోమీటర్ల దూరంలో ఉంది.' 'కోమటిచెరువు హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌ను తలపిస్తుంది.' 'గొల్లభామ చీరలు హైదరాబాద్‌లో కూడా దొరుకుతాయి.' చరిత్ర రాస్తున్రా, పిల్లలను హైదరాబాద్ బస్సు ఎక్కిస్తున్రా?"

శైలేందర్ చెవులు ఎర్రబడ్డాయి. పదకొండు పేజీల్లో ఆ పేరు నలభై సార్లు వచ్చిందని తర్వాత తేలింది.

వెళ్లబోతూ ఆమే ఆగి చెప్పింది. "నాకు హైదరాబాద్‌ల నౌకరొచ్చింది, సార్. వచ్చే శనివారమే ఆఖరు."

"మంచిది. నూరు కిలోమీటర్లే గదా," అన్నాడు.

అన్నాక తలుపు వేసుకుని, ఇంత తెలివైన మాట ఇంకెవరికీ తట్టదని తనను తానే మెచ్చుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోటితో చెప్పలేనిది వారమంతా కూర్చుని కాగితం మీద రాశాడు. ఈసారి చింపలేదు. శనివారం ఆమె చెప్పుల చప్పుడు వినగానే, హడావుడిగా మడిచి బుట్టలో వేశాడు.

పచ్చిపులుసు కారుతున్న కాగితాన్ని భవాని రెండు వేళ్లతో పైకెత్తింది. "కాగితం తడి చెత్తల! ఆఖరు రోజు గూడ గిదేనా, సార్?"

"అది... జర సదువుండ్రి."

"'సిద్దిపేట భవాని ఉండే ఊరు. హైదరాబాద్ ఇక్కడి నుంచి నూరు కిలోమీటర్ల దూరంలో ఉంది.'"

భవాని కాగితం మీంచి తలెత్తి అతన్ని చూసింది.

"నౌకరి ఇడిసిపెట్టుమంటరా?" మెల్లగా అడిగింది.

"లేదు, పోండ్రి. శనివారం శనివారం మాత్రం రాండ్రి. నాకింకా తడి, పొడి తెలుస్తలేదు."

భవాని నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కాగితాన్ని గోడ మీద పరిచి, గాలికి పోకుండా రాయి పెట్టింది.

"ఏం చేస్తున్రు?"

"ఆరాలె గదా. మా బాపుకు చూపెట్టేటప్పుడు పులుసు వాసన రావద్దు." అరుగు మీద కూర్చుంది. "ఆరేదాంక ఈడనే ఉంట. చాయ్ పెట్టుండ్రి, సార్. చాయ్‌పత్తి మాత్రం తడి చెత్తల ఎయ్యాలె, యాదుంచుకోండ్రి."