దించని చెయ్యి

వెల్లింగ్టన్‌లో జాన్సన్‌విల్ కొండ మీద మా చర్చి చెక్కది. గాలి గట్టిగా వీస్తే పాత పడవలా మూలుగుతుంది. ఇక్కడ జూలై అంటే చలికాలం, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. ఆ శనివారం మేం ప్రాక్టీసుకి చేరేసరికి హీటర్ టిక్కుటిక్కుమంటోంది. తడి కోట్ల వాసన, ఎవరో తెచ్చిన కేకు వాసన. భయపడాల్సింది ఏమీ లేదు.

మర్నాడు, మా పాటల బృందాన్ని, క్వయర్‌ని, నడిపిన ఆల్బ్రెష్ట్ క్రోగర్ సంస్మరణ. జర్మనీలో చిన్న ఊరి చర్చిలో, కాళ్ళు పెడళ్ళకి అందీ అందని వయసులో ఆర్గన్ ఎక్కినవాడు. వెల్లింగ్టన్ వచ్చి బస్సు డ్రైవర్ల చేతా నర్సుల చేతా నాలుగు గొంతుల కీర్తనలు పాడించి ముసలివాడైనవాడు. గొప్పవాడే. చండశాసనుడు కూడా. గుంటూరు లూథరన్ గుడిలో చెవితో పాట పట్టుకున్న నన్ను "చదువురాని గొంతు" అన్నాడు. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని సంగీతం నోట్స్ చదవడం నేర్చుకుని వెళ్ళి, ఆయనతోనే వాదం పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నన్ను ముందు వరసలో నిలబెట్టాడు, కళ్ళెదుట ఉంటానని.

ఆయన చట్టం ఒక్కటే. తన చెయ్యి దిగేదాకా ఆఖరి స్వరం ఆగకూడదు. ఊపిరి కావాలంటే పక్కవాళ్ళు పాడుతుండగా దొంగచాటుగా పీల్చుకోవాలి. ఈస్టర్‌కి ముందు ఓ పాట ఆఖరి స్వరంలో, చెయ్యి పైకెత్తి ఉండగానే గుండె ఆగి పడిపోయాడు. మేం కకావికలై ఆపేశాం. ఆయన మాత్రం ఆపమనలేదు.

ఇప్పుడు క్వయర్ ఆయన శిష్యురాలు నవీనది.

"అదే పాట, ఆంటీ. సార్ కోసం ముగిద్దాం," అంది.

నా పక్కన సరోజక్క ఇన్‌హేలర్ పీల్చుకుని సంచిలో పడేసింది. "ఒసే కోటేశ్వరమ్మా, ఆఖర్లో నాకు ఆయాసం. నేను ఊపిరి తీసుకునేప్పుడు నువ్వు గట్టిగా పాడు."

"నేనెప్పుడు మెల్లగా పాడానక్కా?"

"అదీ నిజమేలే."

పాడాం. ఆఖరి స్వరం. నవీన చెయ్యి దించింది.

స్వరం ఆగలేదు.

నవీన తన చేతిని చూసుకుంది. మళ్ళీ ఎత్తి దించింది. "ఆపండి..." నా వైపు తిరిగింది. "ఆంటీ... ఆపండి..."

ఆపాలనే ఉంది. నోరు మూతపడదు. ఊపిరి లోపలికి రావడం లేదు. బయటికే పోతోంది... ఇంకా... ఇంకా. పుదీనా బిళ్ళల వాసన గుప్పుమంది. క్రోగర్ చప్పరించే బిళ్ళలు.

సరోజక్క గోళ్ళు నా మోచేతిలో దిగాయి. పెదాలు నేరేడు రంగు. కళ్ళు తేలిపోతున్నాయి... నోట్లోంచి స్వరం మాత్రం వస్తూనే ఉంది, వణుకైనా లేకుండా.

నాకు ఒళ్ళు మండింది. నీ పాట ముగియకపోతే అది నీ గోల, ముసలాడా. మా అక్క ఊపిరి నీ అబ్బ సొమ్మా? నోరు ఖాళీ లేక మనసులోనే తిట్టాను. పాడుతూనే వరస దాటాను. నవీన వెనక, ఆమె తల పైన, గాలి ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది. చేతులు చాపాను.

గుడ్డ తగిలింది. దాని లోపల మణికట్టు.

నా బరువంతా వేసి వేలాడాను.

దిగింది.

నిశ్శబ్దం... ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. సరోజక్క నేల మీద కూలబడి దగ్గింది. బతికింది.

"ఎవర్నే లాగావు?"

"ముగించడం చేతకానివాణ్ణి," అన్నాను.

ఇంటికొచ్చి, పై అరలో ఇంగువ డబ్బా కోసం కుడిచెయ్యి ఎత్తాను. పక్కింటి పసిపాప ఏడుపందుకుంది. ఒకే స్వరం. తెగదు. నా చెయ్యి పైన ఉన్నంతసేపూ ఆ బిడ్డ ఊపిరి తీసుకోలేదు. చటుక్కున దించాను. పాప వెక్కింది... ఊపిరి పీల్చింది.

అప్పట్నుంచి చెయ్యి తనంతట తానే లేవబోతోంది. దాని మీద కూర్చుని, ఎడమచేత్తో ఇది రాస్తున్నాను. రేపు చర్చికి వెళ్తాను. పాడతాను. నాకు ఇష్టమైనప్పుడు ఆపుతాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం.

పక్కింట్లో ఉన్నది ఒక్క పాప. ఇప్పుడు వినిపిస్తున్నవి నాలుగు గొంతులు.