టీవీ చదవలేని డిస్క్

"పదకొండున్నరకల్లా ఒక్క మాట చెప్పండి. ఆ డిస్క్ శరత్‌దా, కాదా?" ఫోన్లో చీఫ్ ఉష గొంతు. "అవునంటే అతన్ని వెనక్కి పిలిచేస్తాను."

ఏజెంట్ జనార్దనరావు గడియారం చూశాడు. పది యాభై. రాజధానిలోని కటవారియా సరాయ్‌లో, కోచింగ్ విద్యార్థుల అద్దె గదుల మధ్య, మూడో అంతస్తులో ఉంది అతను కూర్చున్న సేఫ్‌హౌస్, వాళ్ళ రహస్య స్థావరం. మెట్లెక్కిన మోకాళ్ళు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళ సర్వీసులో శత్రువులను అనుమానించి అతను ఎప్పుడూ అలిసిపోలేదు. మనవాళ్ళను అనుమానించే అలిసిపోయాడు.

శరత్ అతను చేతులారా తయారుచేసిన ఏజెంట్. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో కాపు కాస్తున్నాడు. క్షిపణి డిజైన్లతో పన్నెండింటి ఫ్లైట్ ఎక్కబోతున్న విదేశీ ముఠా కొరియర్ ముఖం తెలిసినవాడు అతనొక్కడే. అతన్ని వెనక్కి పిలిస్తే కొరియర్ దర్జాగా ఎగిరిపోతాడు. పిలవకపోతే, శరత్ నిజంగా ద్రోహే అయితే, దగ్గరుండి సాగనంపుతాడు.

ద్రోహే అంటోంది ఎదురుగా కూర్చున్న కస్తూరి. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె కూర్చుంటే ఆ ప్లాస్టిక్ కుర్చీకి కూడా ఓ హోదా వచ్చింది. ఇదే నగరంలోని ద్వారకలో శరత్ పక్క ఫ్లాట్‌లో దిగి, అతని భార్య హరితతో స్నేహం కలిపిందట. నిన్న సాయంత్రం శరత్ ఈ హార్డ్ డిస్క్‌ను టీవీకి తగిలించి సినిమా పెడితే తనూ కూర్చుని చూసిందట. ఈ ఉదయం టీవీ వెనక నుంచి దాన్ని లాగేసుకొచ్చిందట.

డిస్క్‌లో ఒక్క అక్షరం కూడా మారకుండా కాపాడే రైట్ బ్లాకర్ తగిలించి, రావు దాన్ని తెరిచాడు. సినిమాల మధ్య ఒక ఫోల్డర్. అందులో క్షిపణి డిజైన్లు. అతని ప్రాణం ఉసూరుమంది.

రిపోర్టు ఫారం ముందుకు లాక్కున్నాడు. మొదటి గడి: డిస్క్ ఏ ఫార్మాట్? ఎవరూ చదవని గడి, అయినా ఏనాడూ ఖాళీగా వదల్లేదు. రైట్ క్లిక్. ప్రాపర్టీస్. ఎన్‌టీఎఫ్‌ఎస్. ఫార్మాట్ చేసిన తేదీ కోసం ఫోరెన్సిక్ టూల్ నడిపాడు. మూడు వారాల కిందటిది.

కలం ఆగిపోయింది. కొన్ని టీవీలు ఆ ఫార్మాట్‌ను చదవలేవు. నిన్న సినిమా సాంతం ఆడిందా అని కస్తూరిని అడిగాడు. హాయిగా ఆడిందని చెప్పి ఆమె నవ్వింది.

రావు బాల్కనీలోకి వెళ్ళి, గొంతు మార్చి, టీవీ కంపెనీ కస్టమర్ కేర్ మనిషై హరితకు ఫోన్ చేశాడు. మారువేషం వేసే ఓపిక లేని వయసులో గొంతొక్కటే మిగిలింది. మా టీవీ ఎలా పనిచేస్తోందండీ అని వినయంగా అడిగాడు.

"అచ్ఛా, ఇప్పటికి గుర్తొచ్చామా మీకు?" హరిత విసుక్కుంది. "మీ టీవీకి ఫ్యాట్‌32 తప్ప ఇంకోటి ఎక్కదు కదా. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ పెడితే అందులో ఏమీ లేదంటుంది. ప్రతి డిస్కూ మళ్ళీ ఫార్మాట్ చేసుకోలేక మా ఆయన చస్తున్నారు."

పదకొండూ ఇరవై తొమ్మిది. రావు గుమ్మంలో నిలబడి ఉషకు ఫోన్ కలిపాడు.

"డిస్క్ శరత్‌ది కాదు మేడమ్. మూడు వారాలుగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న డిస్క్ నిన్న వాళ్ళ టీవీలో ఆడే వీల్లేదు. అతన్ని కదిలించకండి."

కస్తూరి చటుక్కున లేచింది. మెట్ల మీద మనవాళ్ళున్నారనీ, తనకు పరిగెత్తే ఓపిక లేదనీ, కాబట్టి ఆమె కూడా కూర్చుంటే మంచిదనీ రావు చెప్పాడు. ఆమె కూర్చుంది.

"ఇల్లు, స్నేహం, డిజైన్లు, సినిమాలు, అన్నీ సరిగ్గానే అమర్చాం," అంది. "ఎక్కడ తప్పాం?"

"ఆ టీవీని సంప్రదించలేదు."

పదకొండూ యాభై ఐదుకి శరత్ ఫోన్ చేశాడు. కొరియర్ ఫ్లైట్ తలుపు దగ్గర దొరికాడు. సూట్‌కేసు చేజిక్కింది. అంతా చెప్పాక అడిగాడు. "మేడమ్ చెప్పారు. మీరు నన్ను అనుమానించారా సార్?"

అబద్ధం చెప్పడం రావు వృత్తి. ఇప్పుడు చెప్పాలనిపించలేదు. సిగ్గేసింది.

"అనుమానించాను. నలభై నిమిషాలు."



"శరత్," అన్నాడు రావు. "నేను రిటైరయ్యేదాకా కొత్త టీవీ మాత్రం కొనకు."